కొన మీద గంట

సంచుల దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్‌కు ఏ ఇంటివాళ్లు వచ్చినా వాళ్లలో ఒకరు సంచుల మనిషి. మిగతావాళ్లు తిరుగుతారు, బేరాలాడతారు, కొన్నదంతా తెచ్చి ఆ మనిషి కాళ్ల దగ్గర పడేసి మళ్లీ జనంలో కలిసిపోతారు. సౌభాగ్య వాళ్లింట్లో ఆ పదవి చాలా ఏళ్లు అత్త పూలమ్మది. ఆమె పోయాక ఖాళీగా పడున్న ఆ పదవి ఈ ఏడు అడక్కుండానే కోడలికి దక్కింది. "నువ్వు గీడ జర కూసో, గిట్ల పొయ్యి గట్ల వస్తం" అన్నాడు మొగుడు రాంచందర్. కొడుకు ప్రణయ్ ఆమె కుడిచేతిని జాగ్రత్తగా ఎత్తి ఒళ్లో పెట్టాడు, అదీ ఒక సంచే అన్నట్టు. ఆమె "నేను గూడ వస్త" అనబోయింది. "నే..." అనేసరికి "నీళ్లా? సంచిల సీసా ఉన్నది" అని రాంచందర్ ఆ మాటను పూర్తి చేసేసి, ఏదో పుణ్యం చేసినవాడిలా తృప్తిపడి వెళ్లిపోయాడు. పోయిన ఎండాకాలం నుంచీ ఇదే వరస. ఆమె నోట్లోంచి మొదటి అక్షరం బయటపడితే చాలు, మిగతాది అల్లేయడానికి ఇల్లంతా తయారు. నే అంటే నీళ్లు, బా అంటే బాత్రూము, అ అంటే అన్నం. తినడం, తాగడం, పోవడం తప్ప మనిషికి ఇంకో మాటే ఉండదా అని ఆమెకు ఒళ్లు మండిపోతుంది. మండిందని చెప్పాలన్నా మాటే కావాలి.

లోపల మాత్రం మాటలకు కరువేమీ లేదు. లోపల ఆమె ఎప్పటి సౌభాగ్యే, సిటీ బస్సు కండక్టరు, చిల్లర ఇవ్వనివాడి తాత పేరు కూడా గుర్తుచేయగల నోరు. అదిగో మిర్చి బజ్జీల నూనె వాసన, ఆ నూనె నిన్నటిది, ముక్కు చెబుతోంది. చిన్న రైలుబండి కూత పెట్టుకుంటూ గ్రౌండు చుట్టూ తిరుగుతోంది, అందులో పిల్లలకంటే పెద్దవాళ్లే ఎక్కువున్నారు. మైకులో తప్పిపోయిన పాప పేరు ఒకసారి తెలుగులో, ఒకసారి ఉర్దూలో చెబుతున్నారు. దొరుకుతుందిలే, నుమాయిష్‌లో తప్పిపోయినవాళ్లు ఎప్పటికైనా దొరుకుతారు, ఇంట్లో కూర్చుని తప్పిపోయినవాళ్ల పేరే ఎవరూ మైకులో పిలవరు. ఇట్లాంటి మాటలు లోపల ధారగా వస్తాయి, పెదవి దగ్గరికి వచ్చేసరికి ఒకదాన్నొకటి తోసుకుని ఇరుక్కుపోతాయి, అఫ్జల్‌గంజ్‌లో పొద్దున తొమ్మిదింటి బస్సు తలుపులో జనం ఇరుక్కున్నట్టు. విచిత్రమేమంటే స్టాపుల పేర్లు మాత్రం తిరిగొచ్చాయి. అఫ్జల్‌గంజ్, పుత్లీబౌలి, కోఠి, సుల్తాన్ బజార్, అబిడ్స్, నాంపల్లి, మొదటిది పట్టుకుంటే చివరిదాకా గడగడా వస్తాయి, మధ్యలో ఎక్కడ ఆపినా మళ్లీ మొదటినుంచి. వాటితోపాటు రావాల్సిన కేక మాత్రం రాలేదు. ఇరవై ఏళ్లు ఫుట్‌బోర్డు మీద నిలబడి వేసిన కేక, జనాన్ని ముందుకు జరిపే కేక. బాత్రూములో నల్లా తిప్పి ఆ చప్పుడులో ఎన్నిసార్లు ప్రయత్నించిందో. గొంతులోంచి గాలి వచ్చేది, నల్లాలోంచి నీళ్లొచ్చేవి, అంతే.

పోయిన ఎండాకాలం, చేయీ నోరూ పడిపోయిన ఆ రోజు బస్సు అఫ్జల్‌గంజ్ దాటుతోంది. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు, జీరో టికెట్లు వచ్చినప్పటినుంచి బస్సులో ఊపిరాడదు, టికెట్ మిషను మీద కుడి బొటనవేలు ఆగేది లేదు. ఎవరో ముసలామె "కోఠి బిడ్డా" అంది. సౌభాగ్య మీట నొక్కుదామంటే వేలు కదల్లేదు. వేలికేసి కోపంగా చూసింది. ఏందే నీకు రోగం అనబోతే నోరూ కదల్లేదు. డ్రైవర్ అంజయ్య అద్దంలో చూశాడట, బస్సును రూటు తప్పించి, జనంతో సహా నేరుగా దవాఖాన గేటు లోపలికి పట్టుకొచ్చి ఆపాడు. బస్సెడు మంది దిగి స్ట్రెచర్ పట్టారు, ఒక్కరూ గొణగలేదు, ఒక్క పెద్దమనిషి మాత్రం నా చిల్లర రావాలమ్మా అని పక్కనే నడిచాడట. అంజయ్య ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్విస్తాడు. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగేది అంజయ్య ఒక్కడే. బ్రేకు మీద కాలు పెట్టి అందరూ ఎక్కేదాకా ఆగడం అలవాటైన మనిషి కదా. పోయిన నెల వచ్చినప్పుడు ఆమె "మళ్ల... బస్సు..." అంటే, మిగతా మాట వచ్చేదాకా టీ చల్లారిపోయినా కూర్చున్నాడు. "ఎక్కుత" అని ఆమె అన్నాకే "ఎక్కుతవు మరి" అన్నాడు.

రేపు పొద్దున డాక్టర్ల బోర్డు. చేయి లేపమంటారు, వేళ్లు కదపమంటారు, పేరు ఊరు చెప్పమంటారు, చూసి ఫిట్టో అన్‌ఫిట్టో రాస్తారు. ఫిట్ అయితే డ్యూటీ. అన్‌ఫిట్ అయితే ఆమె ఇంటికి, ఆమె నౌకరీ ఇంట్లో ఒకరికి. ఆ ఒకరు ప్రణయ్ అని ఇంట్లో అప్పుడే అనుకున్నారు. ఎవరూ ఆమెను అడగలేదు, అడిగితే ఏ మాట పూర్తి చేయాల్సి వస్తుందో అని కాబోలు. ఈ పొద్దున పక్క మీద కూర్చోబెట్టి రాంచందర్ చిన్నపిల్లకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. "రేపు డాక్టర్ చెయ్యి లేపమంటె లేపకు. ఏమన్న అడిగితె మాట్లాడకు. ఎట్లున్నవో గట్లనే ఉండు, ఇంకింత తక్కువనే ఉండు. పోరని బతుకు నీ చేతిల ఉన్నది." చేతిలో ఉందట! చెడ్డవాడేం కాదు రాంచందర్. దవాఖానలో నెలంతా కింద తువాల పరుచుకుని పడుకున్నాడు, ఆమె జడ అల్లడం నేర్చుకున్నాడు, వంకరటింకరగానైనా అల్లాడు. ప్రణయ్ కూడా నోరు తెరిచి ఇది కావాలి అని అడిగే రకం కాదు. పరీక్షలు రాసి రాసి విసిగి, బండి మీద ఇంటింటికీ తిండి పొట్లాలు తిప్పి, ఎండకు కమిలిన ముఖంతో వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుంటాడు. ఆ ముఖం చూస్తేనే చేయి ఇచ్చేయాలనిపిస్తుంది. ఇచ్చేస్తే? ఇచ్చేస్తే ఇక సంచుల దగ్గరే. ఈ ఏడూ, వచ్చే ఏడూ, పూలమ్మలాగా పోయేదాకా.

ఇందులో ఎవరికీ తెలియని ముక్క ఒకటుంది. బొటనవేలు తిరిగొచ్చింది. దసరా తర్వాత ఒక మధ్యాహ్నం దుప్పటి కింద పడున్న పాత టీవీ రిమోట్ మీద అది దానంతటదే చిన్నగా ఉలిక్కిపడింది. అప్పటినుంచి ఇంట్లో ఎవరూ లేనప్పుడల్లా బ్యాటరీ లేని ఆ రిమోట్ పట్టుకుని నొక్కింది, చెమటలు పట్టేదాకా నొక్కింది. ముందు పక్కకు జారేది, తర్వాత మీట మీద ఆగింది, తర్వాత నొక్కింది. బోర్డు రోజు అందరి ముందూ చూపించి నోళ్లు వెళ్లబెట్టేలా చేయాలని దాచుకుంది. ఈలోపు వాళ్లు వేరే లెక్క వేసుకుని కూర్చున్నారు, దాచుకున్నది కాస్తా దొంగసొత్తు అయింది. సొంత వేలును సొంత ఇంట్లో దాచుకోవాల్సిన గతి ఏ ఆడదానికైనా పట్టిందా అని ఆమె సంచులవైపు చూసి అడిగింది. సంచులు ఏం చెబుతాయి, దుప్పటి, గాజులు, గోడ గడియారం, ఎవరికో బహుమతిగా ఇవ్వాల్సిన కప్పులు.

అప్పుడు వినిపించింది ఆ చప్పుడు. టిడి టిడి టింగ్, టిడి టిడి టింగ్. ముందు బుర్రలోనే మోగుతోంది అనుకుంది, ఈమధ్య బుర్రలో చాలా మోగుతున్నాయి. కాదు, వెనక వరసలోంచి, రేకు గుడారం లోపలినుంచి. మెడ తిప్పి చూస్తే "పాత వీడియో గేములు, చిన్ననాటి ఆటలు" అని బ్యానర్, లోపల డబ్బా టీవీలు. మూల టీవీలో నీలం ఆకాశం, తెల్లటి కొండ, కొండ కింద ఎర్ర టోపీ మనిషి ఒకడు, పచ్చ టోపీ మనిషి ఒకడు, చేతుల్లో బుల్లి గొడ్డళ్లు. సౌభాగ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కొండను ఆమె అబిడ్స్‌లో కొన్నది. ఆదివారం షాపులు మూసుంటే ఫుట్‌పాత్ మీద పరుచుకునే బజారు, జీపీవో వైపు పాత పుస్తకాల గుట్టలు, వాటి పక్కన చాప మీద వైర్లు, పాత ఫోన్లు, ఒక టీవీ గేమ్ డబ్బా. ప్రణయ్ అప్పుడు రెండో తరగతి, ఆమె వేలు పట్టుకుని కదలనన్నాడు. క్యాసెట్ ఒక్కటే దొరికింది, ఎట్లా ఆడాలో చెప్పే కాగితం లేదు, డబ్బా మీద బొమ్మ ఒక్కటే. ఆ బొమ్మలో కొండ కొన మీద పెద్ద ఇత్తడి గంట, దాని తాడును ఎర్ర టోపీ, పచ్చ టోపీ ఇద్దరూ కలిసి పట్టుకుని నవ్వుతున్నారు. ఆ బొమ్మను చూసే తల్లీకొడుకులు ఆట నేర్చుకున్నారు.

ఆట తేలికే అనిపిస్తుంది, ఆడితే తెలుస్తుంది దాని దుంపతెగ. ఎడమ బొటనవేలికి బాణాలు, పక్కలకు పోవడానికి. కుడి బొటనవేలికి రెండు గుండీలు, ఒకటి ఎగరడానికి, ఒకటి గొడ్డలి ఎత్తడానికి. నెత్తి మీద మంచు గడ్డల కప్పు ఉంటుంది, ఎగిరి గొడ్డలితో దాన్ని పగలగొట్టుకోవాలి, మన బొక్క మనమే చేసుకోవాలి, అందులోంచి మళ్లీ ఎగిరి పై అరుగు మీదికి రావాలి. కొత్తవాళ్లు పక్క బాణం ముందు నొక్కి తర్వాత ఎగురుతారు, నేరుగా కిందికి పోతారు. ముందు ఎగరాలి, గాల్లో ఉన్నప్పుడు బాణం నొక్కాలి. మబ్బు కదులుతూ వస్తే అది ఉన్నచోటికి ఎగరకూడదు, ఉండబోయే చోటికి ఎగరాలి. ఇది ప్రణయ్‌కు ఏడాది పట్టింది, కదిలే బస్సు ఎక్కీ దిగీ బతికే సౌభాగ్యకు ఒక్క పూట. ఒకే అరుగు మీద ఎక్కువసేపు నిలబడితే పక్కనుంచి జడలబర్రె ఒకటి తలవంచుకుని వచ్చి కుమ్మేస్తుంది, దానికి జాలీ దయా లేదు. అన్నిటికంటే దుర్మార్గమైన రూలు ఇంకోటుంది. ఇద్దరు ఆడేటప్పుడు తెర పైవాడితో పోతుంది. ఒకడు గబగబా ఎక్కేస్తే తెర వాడితోపాటు పైకి జరుగుతుంది, కిందివాడు తెర అంచుకింద మునిగి చస్తాడు. ఏ బర్రే కుమ్మక్కర్లేదు, తోడువాడు ఎక్కినందుకే చస్తాడు.

అందుకని ఆమె ఆగేది. డ్యూటీ దిగి, ఖాకీ చొక్కా కూడా విప్పకుండా నేల మీద కూర్చుని, ఎర్ర టోపీని ఒకే అరుగు మీద ఉన్నచోటే ఎగిరిస్తూ ఆగేది. "అమ్మా ఆగు, నేను కింద ఉన్న" అని పచ్చ టోపీవాడు అరిచేవాడు. "ఉన్న బిడ్డా, రా, నువ్వు నిమ్మలంగ రా" అనేది. బర్రె వచ్చి కుమ్మితే ఆమె పడేది, వాడు నవ్వేవాడు, అయినా బాగుండేది. గంట మాత్రం ఆ ఇంట్లో ఎన్నడూ మోగలేదు. ఇద్దరూ ఒకేసారి కొన మీద ఉంటేనే మోగుతుందని బొమ్మ చెప్పింది కదా, ఇద్దరూ ఒకేసారి అంత దూరం వస్తే కదా. ఒక మధ్యాహ్నం ఆటలో వాడి ప్రాణాలన్నీ అయిపోయాయి, వాడు అలిగి చాప మీదే నిద్రపోయాడు. ఆమె ఒక్కతే ఎక్కింది. మొత్తం ఎక్కింది. చివరి మబ్బు మీదినుంచి కొన మీదికి దూకి గంట కింద నిలబడింది, తాడు నెత్తి మీద ఊగుతోంది. ఒక్కదాన్ని కొడితే ఏం లాభం అనుకుని రిమోట్ కింద పెట్టేసింది. బర్రె మెల్లిగా వచ్చి కుమ్మింది. ఎర్ర టోపీ అంత ఎత్తునుంచి పడుతుంటే చూస్తూ కూర్చుంది, లేచి అన్నానికి ఎసరు పెట్టింది.

టిడి టిడి టింగ్. కూర్చున్నచోటే కుడి బొటనవేలు ఒళ్లో ఎగిరింది. ఎగిరిందా లేదా? ఎగిరింది. సంచులు ఎత్తుకుని పోదామని చూసింది, ఎడమ చేత్తో నాలుగు సంచులు అయ్యే పని కాదు. సరే ఉండనీ. ఇంతకీ ఇవి ఎవరి సంచులు? ఆమెకంటూ కొన్నది వీటిలో ఏమన్నా ఉందా? కప్పులు పోతే కప్పులు పోతాయి, గడియారం పోతే ఇంకో గోడకు తగులుకుంటుంది. సౌభాగ్య లేచింది, కుడికాలు ఈడుస్తూ, సంచులను అట్లాగే నడిబజార్లో వదిలేసి, వెనక్కి చూడకుండా గుడారంలోకి నడిచింది. ఆ పది గజాలు నడుస్తుంటే బస్సు ముందు సీటు ఖాళీ అయినప్పుడు ఆడవాళ్ల ముఖాల్లో వచ్చే సంతోషం ఆమె ముఖంలో వచ్చింది.

స్టాల్ మనిషి పేరు బాలకిషన్ అని జేబు మీది బిళ్ల చెబుతోంది. "ఆ... ఆడ..." అని ఆమె అంటే "పిల్లలు ఆడుతరా అక్కా, ఎంతమంది?" అని అతనూ పూర్తి చేశాడు. ఊళ్లో అందరికీ ఇదే జబ్బు. ఆమె ఎడమచేత్తో గుండెల మీద కొట్టుకుని "నేను" అంది. ఒకే మాట, ముక్క కాకుండా, పూర్తిగా. బాలకిషన్ కుర్చీ జరిపాడు, రిమోట్ ఇచ్చాడు. "గిది నొక్కితే ఎగురుతది అక్కా, గిది నొక్కితె..." అని చెప్పబోతే నాకు చెప్పకు అన్నట్టు చేయి ఊపింది. రిమోట్‌ను ఒళ్లో బోర్లా పడకుండా మోకాళ్ల మధ్య ఇరికించింది. కుడిచేతిని ఎడమచేత్తో తెచ్చి గుండీల మీద పెట్టింది. మొదటిసారి ఎర్ర టోపీ ఎగరనే లేదు, నిలబడి నిలబడి బర్రె చేతిలో పోయింది. రెండోసారి ఎగిరింది, వేలు గుండీ మీదే అతుక్కుపోయి గొడ్డలి లేవలేదు. పక్క టీవీ దగ్గర ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వు బిడ్డా, నవ్వు, నువ్వు పుట్టకముందే ఈ కొండ ఎక్కినదాన్ని. మూడోసారి బొటనవేలి కొసతో కాదు, కణుపుతో కొట్టింది. పగిలింది. నెత్తి మీది మంచు గడ్డ ఒకటి టప్పున పగిలింది, ఆమె నోట్లోంచి "హా" అని అరుపు వచ్చింది.

ఇక చూసుకోండి. అరుగు, కప్పు, బొక్క, అరుగు. ముందు ఎగరడం, తర్వాత బాణం. వేలు మండుతోంది, మోచేతిదాకా సలుపు, సలపనీ, ప్రాణం ఉన్నచోటే కదా సలుపుతుంది. జారుడు అరుగు వచ్చింది, ఎదురు నడిచింది. మబ్బు వచ్చింది, అది ఉండబోయే చోటికి దూకింది, సుల్తాన్ బజార్ మలుపులో ఫుట్‌బోర్డు అందుకున్నట్టే. చూస్తూ చూస్తూ కొన. గంట. నెత్తి మీద తాడు. ఎర్ర టోపీ గంట కింద నిలబడింది, నిలబడి ఉన్నచోటే ఎగురుతోంది, ఆగుతోంది. ఎవరికోసం? వేలికి పాత అలవాటు. "కొట్టక్కా! ఎవ్వలకోసం సూస్తున్నవ్?" అని అరిచాడు బాలకిషన్. "ఇ... ఇద్ద..." అంది ఆమె. "ఇద్దరెందుకక్కా, ఒక్కలు కొట్టినా మోగుతది!" అన్నాడు. ఆమె తెర వదిలేసి అతని ముఖంలోకి చూసింది. వెనకనుంచి బర్రె వచ్చి కుమ్మింది, ఎర్ర టోపీ ఆ కొనమీదినుంచి మొదటి అరుగు దాకా పడింది.

ఒక్కరు కొట్టినా మోగుతుంది. ఎప్పుడూ అంతేనా? మొదటినుంచీ అంతేనా? ఆ మధ్యాహ్నం, వాడు చాప మీద నిద్రపోతున్నప్పుడు, తాడు నెత్తి మీద ఊగుతున్నప్పుడు కూడా? ఎవడో బొమ్మ గీసేవాడు అందంగా ఉంటుందని ఇద్దరి చేతుల్లో తాడు పెడితే, దాన్ని రూలు అనుకుని ఆమె ఎన్ని సాయంత్రాలు ఒకే అరుగు మీద గంతులేసిందో. ఆట ఒక్కటేనా, ఇంకెన్ని అట్లా? ప్రమోషన్ పరీక్ష రాయమని అంజయ్య ఫీజు కట్టబోతే వద్దంది, బిడ్డ చిన్నోడు అని. ఇప్పుడు చేయి లేపకు అంటే లేపను అని తల ఊపింది, బిడ్డ పెద్దోడయ్యాడు అని. చిన్నోడైనా పెద్దోడైనా ఆగాల్సింది ఆమేనా? కోపం వచ్చింది. చాలా రోజులకు మంచి కోపం, నిండు కోపం, జాలి ఒక్క చుక్క కలవనిది. రేపు నేను అన్‌ఫిట్ అయితే నా బస్సుకు నేను చచ్చినట్టే. అట్లని నేను ఎక్కితే నా కొడుకు చస్తాడా? వాడు తెర బొమ్మా? వాడికి కాళ్లున్నాయి, చేతులున్నాయి, రెండు బొటనవేళ్లూ పనిచేస్తాయి, వాడి కొండ ఇంకెక్కడో ఉంది. నా కొండ మీద వాణ్ణి నిలబెడితే అది వాడికి కొండా, అరుగా? "మల్ల" అంది బాలకిషన్‌తో. అతను ఈసారి ఆ మాటను పూర్తి చేయకుండా, నోరు మూసుకుని, ఆట మళ్లీ మొదలుపెట్టాడు.

మైకు గరగరలాడింది. దారి మధ్యలో నాలుగు సంచులు దిక్కు లేకుండా పడి ఉన్నాయి, ఎవరివో వచ్చి తీసుకోవాలి, అని తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. సౌభాగ్యకు నవ్వొచ్చింది, నవ్వుతూనే రెండో కప్పు పగలగొట్టింది. కాసేపటికి గుడారం బయట రాంచందర్ గొంతు వినబడింది, సంచులు మెడకూ భుజానికీ వేలాడేసుకుని, చేతిలో తినని చిక్కీ పొట్లంతో లోపలికి వచ్చాడు. "ఏమే, సంచులు ఇడిసిపెట్టి గీడికొచ్చినవా? బాంబేమోనని పోలీసోళ్లు కుక్కను తోలుకొచ్చిన్రు తెలుసా!" అన్నాడు. తర్వాత ఆమె చేయి చూశాడు. గుండీ మీద లేస్తూ పడుతున్న బొటనవేలు. సంచుల బరువు మరిచిపోయి అట్లాగే చూశాడు, ముఖంలో ముందు సంతోషమే వచ్చింది, అబద్ధమెందుకు, ముందు సంతోషమే. వెంటనే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పెట్టు, కింద పెట్టు. డిపోళ్లెవ్వలన్న చూస్తె ఏమైతది? రేపటి సంగతి యాది లేదా?" ఆమె పెట్టలేదు. పక్కన కుర్చీ చప్పుడైంది. ప్రణయ్ కూర్చున్నాడు, తెర చూశాడు, ఆమెను చూశాడు, రెండో రిమోట్ తీసుకున్నాడు. ఆట మొదటికి తిప్పి బాలకిషన్ ఇద్దరిదీ పెట్టాడు. పచ్చ టోపీ కొండ కింద ఎర్ర టోపీ పక్కన నిలబడింది.

ఆట మొదలైంది. ఆమె ఎగిరింది. వాడు పక్క బాణం ముందు నొక్కి కింద పడ్డాడు, ఇన్నేళ్లయినా అదే తప్పు. ఆమె రెండో అరుగు, వాడు మొదటిది. ఆమె నాలుగు, వాడు రెండు. తెర పైకి జరగడం మొదలైంది. "అమ్మా ఆగు, నేను కింద ఉన్న" అన్నాడు ప్రణయ్. మీసాలొచ్చిన గొంతులోంచి రెండో తరగతి పిల్లవాడు అన్నాడు. ఆమె వేలు ఆగింది. ఎర్ర టోపీ ఉన్నచోటే ఒకసారి ఎగిరింది, ఇంకోసారి ఎగిరింది. పక్కనుంచి జడలబర్రె తల వంచుకుని బయల్దేరింది. ప్రేమ లేక కాదురా. నిన్ను మోసిన ఒళ్లు ఇది, నువ్వు పడితే నాకు ఇక్కడ, ఇదిగో ఇక్కడ నొప్పి. అయినా ఆగను. సౌభాగ్య గొడ్డలి ఎత్తింది, కప్పు పగలగొట్టింది, దాటింది. తెర ఆమెతో పైకి లేచింది, పచ్చ టోపీ అంచుకింద మునిగిపోయింది. ప్రణయ్ చేతులు రిమోట్ మీద ఆగిపోయాయి. ఆమె చూడలేదు, మబ్బును చూస్తోంది. అది ఉండబోయే చోటికి దూకింది. జారింది, పట్టుకుంది. కొన. ఈసారి ఎవరికోసమూ నిలబడలేదు, కణుపుతో కాదు, బొటనవేలి కొసతోనే నొక్కింది. గంట మోగింది.

ఇంత చిన్న చప్పుడా అనిపించింది మొదట, డబ్బా టీవీలో ఠంగుమని. తర్వాత అది ఆగకుండా మోగుతూనే ఉంది, తెరంతా కాగితం పూలు రాలాయి. ఆమె కుడిచేతిని, ఎడమచేతి సాయం లేకుండా, ఒళ్లోంచి లేపింది. అది వణికింది, భుజందాకా రాలేదు, ఛాతీ దాకా వచ్చింది. "రేపు..." అంది. "రేపు నిమ్మలంగ ఉంట అంటున్నది" అన్నాడు రాంచందర్ ఆదరాబాదరాగా. ఆమె అతనికేసి చూసింది. ఇరవై ఏళ్లు టికెట్ లేనివాళ్లను చూసిన చూపు అది. అతను మిగతా మాటలు మింగేశాడు. ఆమె ఊపిరి పీల్చి మళ్లీ మొదటినుంచి అంది. "రేపు... చెయ్యి... లేపుత." గుడారంలో ఎవరూ దాన్ని పూర్తి చేయలేదు, పూర్తి చేయడానికి అందులో ఏమీ మిగల్లేదు. ప్రణయ్ తల వంచుకుని రిమోట్ వైరును వేలికి చుట్టుకుంటున్నాడు. "మరి నా సంగతేందమ్మా?" అన్నాడు, కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

చెప్పాల్సింది చాలా ఉంది. నీ కాళ్ల మీద నాకు నమ్మకం ఉందిరా, నా బస్సు తీసుకుని నువ్వు ఆ బస్సును తిట్టుకుంటూ బతకడం నాకు ఇష్టం లేదురా, రాత్రి నువ్వు ఇంటికి వచ్చేదాకా నీకోసం నేనే ఎక్కువ ఫికర్ పడతానురా. అన్నీ తలుపు దగ్గర ఇరుక్కున్నాయి. "నువ్వు... కింది నుంచి... ఎక్కు" అంది, ఎడమచేయి వాడి మెడ మీద వేసి గట్టిగా పట్టుకుని. వాడు ఆ చేతిని తోసేయలేదు. ఇంకేదో అనాలని ఆమె మళ్లీ నోరు తెరిచింది, మెత్తటి మాట ఒకటి వెతుకుతూ. వెతికింది రాలేదు. నల్లా చప్పుడులో ఎన్ని నెలలు పిలిచినా రానిది, ఎవరూ పిలవకుండా, కడుపులోంచి, ఒక్క ముక్క తెగకుండా, అఫ్జల్‌గంజ్ నుంచి నాంపల్లి దాకా వినబడేంత గట్టిగా వచ్చేసింది: "జరుగుర్రి జరుగుర్రి, ముందల జాగ ఉన్నది, ముందలికి జరుగుర్రి! రైట్ రైట్!" గుడారం వాకిట్లో గుమిగూడి తెర చూస్తున్న జనం, ఏం ఎందుకు అని అడగకుండా, అందరూ ఒక అడుగు ముందుకు జరిగారు.